అసలు తగ్గితేనే అప్పు తగ్గినట్టు



ఇంటి లోను కడుతున్నవాళ్లు ఎవరైనా ఈ ప్రసంగం వింటుంటే, మీకో ప్రశ్న. మీ లోనులో అసలు ఇంకా ఎంత ఉంది? ఈఎంఐ ఎంతని అడిగితే నిద్రలో లేపినా చెప్తారు. ఏ తేదీన ఖాతాలోంచి పోతుందో కూడా చెప్తారు. అసలు ఎంత మిగిలిందంటే మాత్రం తడుముకుంటారు. "మావారికి తెలుసండీ" అంటుంది ఆవిడ. ఆయన్ని అడిగితే "బ్యాంకులో కనుక్కోవాలి" అంటాడు.

నేను బ్యాంకులో పనిచేసి రిటైరైనదాన్ని. చివరి కొన్నేళ్లు లోన్ల సీట్లోనే కూర్చున్నాను. అక్కడ ఒకే సంగతి మళ్లీ మళ్లీ చూశాను. లోను తీసుకుని ఐదేళ్లయిన మనిషి వస్తాడు. చేతికి కాస్త డబ్బొచ్చింది, కొంత కట్టేద్దామని ఆశ. బాకీ ఎంతుందో ప్రింటు తీసిమ్మంటాడు. ఇస్తాను. చూస్తాడు. కళ్లజోడు సర్దుకుని మళ్లీ చూస్తాడు. "మేడమ్, ఇదెక్కడో తప్పు పడింది. నేను 10 లక్షలు దాటి కట్టాను. అసలు రెండు లక్షల చిల్లరే తగ్గిందేంటండీ?" అంటాడు. గొంతు లేస్తుంది. వెనక నిలబడ్డవాళ్లు తొంగి చూస్తారు.

తప్పేమీ పడలేదు. లెక్కే అంత. ముందు ఆ లెక్క చెప్పుకుందాం. అంకెలతో మిమ్మల్ని విసిగించను. మొత్తం ప్రసంగానికి ఒకటే ఉదాహరణ పెట్టుకుందాం. 20 లక్షల లోను. 20 ఏళ్ల గడువు. 9 శాతం వడ్డీ. మీ లోను ఇంతకన్నా ఎక్కువ కావచ్చు, తక్కువ కావచ్చు. వడ్డీ కూడా అర శాతం, ఒక శాతం అటూ ఇటూ ఉండొచ్చు. లెక్క నడిచే తీరు మాత్రం ఒక్కటే.

20 లక్షలు, 20 ఏళ్లు, 9 శాతం. ఈఎంఐ దాదాపు 18 వేలు వస్తుంది. మొదటి నెల 18 వేలు కట్టారు. అందులో వడ్డీకి ఎంత పోయిందనుకుంటున్నారు? 15 వేలు. అసలుకి జమ అయింది 3 వేలు. మళ్లీ చెప్తాను. 18 వేలు కడితే 15 వేలు వడ్డీ, 3 వేలు అసలు. రెండో నెల అసలుకి ఇంకో ఇరవై చిల్లర రూపాయలు ఎక్కువ పోతుంది. మూడో నెల ఇంకాస్త. అలా చీమ నడకన మొదలవుతుంది. ఐదేళ్లు కట్టేసరికి మీ చేతిలోంచి 10 లక్షల 80 వేలు పోతాయి. అసలు 20 లక్షల నుంచి 17 లక్షల 74 వేలకు దిగుతుంది. నా ఎదుట కూర్చుని గొంతు పెంచిన మనిషి చూసిన అంకె ఇదే.

ఇంకొక్కటి చెప్పి అంకెల్ని కాసేపు పక్కన పెడతాను. 20 లక్షల అసలు సగమై 10 లక్షలకు రావడానికి ఎన్నేళ్లు పడుతుంది? పదేళ్లు అనుకుంటారు అందరూ. 14 ఏళ్లు పడుతుంది. ఇరవయ్యేళ్ల లోనులో పద్నాలుగేళ్లు కడితే గానీ సగం అప్పు తీరదు.

ఇది విని దిగులుపడకండి. ఇందులోనే మనకు పనికొచ్చే కిటుకు ఉంది. వడ్డీ పడేది మిగిలిన అసలు మీద. మొదటి ఏళ్లలో అసలు కొండంత ఉంటుంది కాబట్టి వడ్డీ అంత తింటుంది. అప్పుడే ఆ అసలును కాస్త గిల్లితే, ఆ గిల్లిన ముక్క మీద మిగిలిన ఏళ్లన్నిటికీ వడ్డీ పడదు. లోను మొదలైన ఏడాదికి ఒక లక్ష అదనంగా కట్టారనుకోండి. గడువులో 27 నెలలు ఎగిరిపోతాయి. లక్షకి రెండేళ్ల పైమాటే. అదే లక్ష పద్నాలుగో ఏడు చివర్లో కడితే తగ్గేది 9 నెలలు. డబ్బు అదే. కట్టిన కాలం వేరు. "పిల్లల చదువులు అయిపోయాక చూద్దాం, అప్పుడు ఒక్కసారే కట్టేద్దాం" అనేవాళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి. చదువులయ్యేసరికి వడ్డీలో పెద్ద భాగం బ్యాంకుకి ఎప్పుడో చేరిపోయి ఉంటుంది.

మరి అదనంగా కట్టేటప్పుడు బ్యాంకులో ఏమని చెప్పాలి? ఇది ముఖ్యం. అదనపు సొమ్ము కట్టినప్పుడు రెండు దారులుంటాయి. ఒకటి, గడువు అలాగే ఉంచి ఈఎంఐ తగ్గించడం. రెండోది, ఈఎంఐ అలాగే ఉంచి గడువు తగ్గించడం. మనకు కావాల్సింది రెండోది. ఈఎంఐ అలాగే ఉండాలి, గడువు తగ్గాలి. నోటితో చెప్పి ఊరుకోకండి. కాగితం మీద రాసివ్వండి, లేదా యాప్‌లో ఆ మీట నొక్కండి. ఇంకో సంగతి. కొన్నిచోట్ల మీరు కట్టిన అదనపు సొమ్మును వచ్చే నెల వాయిదా ముందే కట్టినట్టుగా జమ చేసుకుంటారు. అలా జరిగితే మీకు ఒరిగేది స్వల్పం. "ఇది పార్ట్ పేమెంటు, అసలులో తగ్గించండి" అని స్పష్టంగా రాయండి. మరుసటి నెల స్టేట్‌మెంట్ తెచ్చుకుని అసలు తగ్గిందో లేదో, నెలలు తగ్గాయో లేదో చూసుకోండి.

"ముందుగా కడితే పెనాల్టీ వేస్తారటగా?" అని ఇప్పటికీ అడుగుతుంటారు. వడ్డీ రేటు మారుతూ ఉండే లోను, అంటే ఫ్లోటింగ్ రేటు లోను అయితే, వ్యక్తులు తీసుకున్న ఇంటి లోను ముందే తీర్చేసినందుకు బ్యాంకులు జరిమానా వేయకూడదని రిజర్వు బ్యాంకు 2012లోనే చెప్పింది. మన ఇళ్లలో ఉన్న లోన్లు చాలావరకు ఈ రకమే. స్థిరమైన వడ్డీ మీద తీసుకున్నవాళ్లు మాత్రం తమ లోను మంజూరు కాగితం ఒకసారి తీసి చదువుకోవాలి.

ఇప్పుడు అసలు కష్టం దగ్గరికొద్దాం. అదనంగా కట్టడానికి డబ్బెక్కడిది?

ఇంటి లోను తీర్చాలనగానే చాలా ఇళ్లలో మొదట కోత పడేది పిల్లల మీద, పెరుగు మీద, పండగ మీద. పాల పాకెట్ ఒకటి తగ్గిస్తారు. ఫ్యాను వేస్తే అరుస్తారు. సినిమా మానేస్తారు. ఆర్నెల్లు అలా బిగబట్టి, ఏడో నెల విసుగెత్తి, ఒక్కసారే పెద్ద టీవీ వాయిదాల మీద తెచ్చేస్తారు. నేను చూసినంతలో పాల పాకెట్ దగ్గర మిగిల్చిన డబ్బుతో ఇంటి లోను తీర్చినవాళ్లు లేరు. ఏడాదికి నాలుగైదుసార్లు చేతికొచ్చే పెద్ద సొమ్ముల్ని పక్కదారి పట్టనివ్వనివాళ్లు తీర్చారు. కొత్త వాయిదాలు తలకెత్తుకోనివాళ్లు తీర్చారు.

ఒక ఇంటి సంగతి చెప్తాను. విజయవాడ దాటి కంకిపాడు వైపు వాళ్ల ఇల్లు. ఆయన ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటు. ఆవిడ ఇంట్లో మిషను కుడుతుంది. ఇద్దరు పిల్లలు, ఒక అత్తగారు. మా బ్రాంచిలోనే లోను. ఆయన ఎప్పుడో గానీ వచ్చేవాడు కాదు. ఆవిడే వచ్చేది. వచ్చినప్పుడల్లా చేతిసంచిలోంచి ఓ చిన్న పుస్తకం తీసి, "అసలు ఎంతుందండీ ఇప్పుడు?" అని అడిగి రాసుకునేది. వడ్డీ ఎంతైందని ఎప్పుడూ అడగలేదు. అసలు ఎంత, అంతే.

వాళ్లింటికి ఓసారి పేరంటానికి వెళ్లాను. వంటగది తలుపు పక్కన వెంకట్రామా క్యాలెండర్ వేలాడుతోంది. అందరిళ్లలో ఉన్నట్టే దాని మీద పాల లెక్క, గ్యాసు బండ వచ్చిన తేదీ, పేపరు రాని రోజులు. ప్రతి నెల చివరి గడిలో మాత్రం ఎర్ర పెన్నుతో ఒక అంకె. ఆ నెలకి లోనులో మిగిలిన అసలు. పిల్లలు కూడా ఆ అంకె చూస్తారు. "అమ్మా, ఈ నెల 17 లోపలికొచ్చామా?" అని అడుగుతాడు చిన్నవాడు. పదిహేడు లక్షలంటే ఎంతో వాడికేం తెలుసు! అంకె కిందికి దిగాలని మాత్రం తెలుసు.

ఆవిడ పెట్టుకున్న పద్ధతి చాలా సులువు. ఫాల్, పికో కుట్టిన డబ్బులు ఇంట్లోకి. బ్లౌజులు కుట్టిన డబ్బులు లోనుకి. ఫాల్స్ పని రోజూ ఉంటుంది, చిల్లర మల్లరగా వస్తుంది. అది కూరలకి, పిల్లల పెన్నులకి, పుస్తకాల అట్టలకి సరిపోతుంది. బ్లౌజుల పని మాఘంలో, వైశాఖంలో, శ్రావణంలో ఊపిరి సలపనివ్వదు. పెళ్లిళ్లు, వరలక్ష్మీ వ్రతాలు. ఆ మూడు కాలాల డబ్బు వేరే ఖాతాలో పడేది. సీజను అయ్యాక ఒకేసారి తెచ్చి లోనులో కట్టేది. ఆవిడ భాషలో చెప్పాలంటే, "శ్రావణం కట్టేశానండీ" అనేది.

ఆయన వైపు నుంచి వచ్చేవి కూడా అలాగే. డీఏ బకాయిలు, వచ్చినప్పుడు. సంపాదిత సెలవులు అమ్ముకున్న డబ్బు. పరీక్షల డ్యూటీ తాలూకు రెమ్యూనరేషన్. ఇవి జీతంలో కలిసిపోతే ఎటు పోయాయో తెలియదు. అందుకని వచ్చిన వారంలోపే సగం లోనులో కట్టాలని వాళ్ల ఒప్పందం. సగమే. మిగతా సగం ఇంటి అవసరాలకి, సరదాకి. సంక్రాంతికి అందరికీ కొత్త బట్టలు వాళ్లెప్పుడూ మానలేదు. అరిసెలు వండటం మానలేదు. "పండగ మానేసి ఇల్లు కట్టుకుంటే ఆ ఇంట్లో ఏం చేసుకుంటాం?" అనేది అత్తగారు. ఆ మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను.

మరి వాళ్లు మానుకున్నవేమిటి? వాయిదాల మీద కొనడం మానుకున్నారు. ఫోను వాయిదా, ఫ్రిజ్ వాయిదా, బండి వాయిదా. ఏదీ లేదు. ఫ్రిజ్ పాడైతే బాగుచేయించారు. మళ్లీ పాడైతే డబ్బు కూడబెట్టి కొన్నారు. రెండు వేలు, మూడు వేలు అంటూ వచ్చే ఈ చిన్న వాయిదాలు చూడ్డానికి ఏమీ అనిపించవు. మూడు కలిస్తే నెలకి ఏడెనిమిది వేలు. ఇందాకటి లెక్క గుర్తుందిగా? మొదటి నెల అసలుకి పోయేది 3 వేలు. ఆ ఏడెనిమిది వేలు అసలులో పడితే ఏమయ్యేదో ఊహించుకోండి.

చదివింపుల సంగతి కూడా చెప్పాలి. మన ఇళ్లలో బడ్జెట్ తలకిందులయ్యేది పెళ్లిళ్ల నెలల్లోనే. ఒకే వారంలో రెండు పెళ్లిళ్లు, ఒక గృహప్రవేశం, ఒక ఓణీల ఫంక్షను. వాళ్లు మనకి ఎంత పెట్టారో చూసి, దానికి కాస్త కలిపి పెట్టాలి. పెట్టకపోతే మాటొస్తుంది. దీన్ని మానేయమని నేను చెప్పను, చెప్పినా మీరు వినరు. జనవరిలోనే ఒక మొత్తం అనుకుని చదివింపులకని పక్కన పెట్టుకోండి. నెలనెలా కొంత అందులో వేస్తూ ఉండండి. పెళ్లి పిలుపు రాగానే లోను డబ్బు మీద చెయ్యి పడకుండా ఉంటుంది. జూన్‌లో స్కూలు ఫీజులు కూడా అంతే. జూన్ వస్తుందని జనవరికే తెలుసు కదా! అయినా ప్రతి ఏడూ జూన్‌లో బంగారం తాకట్టుకొచ్చేవాళ్లని చూశాను.

సరుకుల విషయంలో ఓ చిన్న మాట. చింతపండు, ఎండుమిరప, పసుపు, కందిపప్పు కొత్త పంట వచ్చినప్పుడు ఏడాదికి సరిపడా తీసుకునే అలవాటు మన పెద్దవాళ్లకి ఉండేది. ఎండబెట్టి, డబ్బాల్లో పోసి దాచేవాళ్లు. ఇప్పటికీ కుదిరినవాళ్లకి అది మంచిదే. ఎంత మిగులుతుందన్నది అలా ఉంచండి, నెలనెలా కొట్టు బిల్లు ఒకేలా ఉంటుంది. బిల్లు ఒకేలా ఉంటే ఎంత మిగులుతుందో ముందే తెలుస్తుంది. బియ్యం మాత్రం బస్తాలుగా కొనండి. 2022లో పాతిక కిలోల వరకు ఉన్న ప్యాకింగు బియ్యానికి జీఎస్టీ వేశాక మన మిల్లుల వాళ్లు ఆ పన్ను పడకుండా 26 కిలోల బస్తా తెచ్చారు. మనవాళ్ల తెలివి!

ఇక జీతం పెరిగినప్పుడు చేయాల్సిన పని. ఈ మొత్తం ప్రసంగంలో నాకు అన్నిటికన్నా నచ్చిన ఉపాయం ఇదే. మన ఉదాహరణలో ఈఎంఐ 18 వేలు. రెండో ఏడు దాన్ని 5 శాతం పెంచండి. అంటే 900 రూపాయలు. మూడో ఏడు మళ్లీ 5 శాతం. అలా ఏటా ఇంక్రిమెంటు వచ్చినప్పుడల్లా పెంచుకుంటూ పోండి. ఇరవయ్యేళ్ల లోను ఎన్నేళ్లలో తీరుతుందో తెలుసా? 12 ఏళ్ల ఒక నెలలో తీరిపోతుంది. మళ్లీ చెప్తున్నాను. ఏటా ఈఎంఐ 5 శాతం పెంచితే, 20 ఏళ్ల లోను 12 ఏళ్లకి వచ్చేస్తుంది. పన్నెండో ఏటికి ఈఎంఐ 30 వేలు దాటుతుంది, నిజమే. అప్పటికి జీతం కూడా పెరిగి ఉంటుంది. అంత కుదరనివాళ్లు ఏడాదికి ఒక్క ఈఎంఐ అదనంగా కట్టండి. పన్నెండు కట్టే చోట పదమూడు. దాంతో కూడా మూడున్నరేళ్లు తగ్గుతుంది. వడ్డీలో మిగిలేది నాలుగున్నర లక్షల పైమాటే.

వడ్డీ రేట్లు మారినప్పుడు కూడా ఒక కన్ను వేసి ఉంచాలి. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి దాకా రిజర్వు బ్యాంకు రెపో రేటును, అంటే తాను బ్యాంకులకి ఇచ్చే అప్పు మీద వడ్డీని, 4 శాతం నుంచి 6.5 శాతానికి పెంచింది. ఇంటి లోన్ల వడ్డీలూ వెంటే పెరిగాయి. చాలామందికి ఆ సంగతే తెలియలేదు. ఎందుకంటే ఈఎంఐ మారలేదు. గడువు పెరిగింది. పదిహేనేళ్లు మిగిలిన లోను ఇరవై దాటింది. రిటైరైన తర్వాత కూడా కట్టాల్సిన స్థితికి వచ్చినవాళ్లున్నారు, తమకు తెలియకుండానే. దీని మీద 2023 ఆగస్టులో రిజర్వు బ్యాంకు ఆదేశం ఇచ్చింది. రేటు మారినప్పుడు ఈఎంఐ పెంచుకోవాలా, గడువు పెంచుకోవాలా, రెండూ కొంత కొంత చేయాలా అన్నది ఖాతాదారుణ్ణి అడగాలి. కాబట్టి మీరు అడిగించుకోండి.

2025లో ఇందుకు ఎదురు జరిగింది. ఫిబ్రవరి నుంచి రెపో తగ్గుతూ జూన్‌కి 5.5కి వచ్చింది. రెపోకి ముడిపడిన లోన్లలో కొందరికి ఈఎంఐ వెయ్యో, పదిహేను వందలో తగ్గింది. ఆ తగ్గింది చేతికి తీసుకోకండి. "పాత ఈఎంఐయే ఉంచండి" అని రాసివ్వండి. ఆ డబ్బు కట్టడం మీకెలాగూ అలవాటైంది. కొత్తగా ఏ కోతా అక్కర్లేదు. ఈఎంఐ అలాగే ఉంటుంది, గడువు తగ్గుతుంది.

ఇంత చెప్పాను కదా అని ఉన్నదంతా ఊడ్చి లోనులో కట్టేయకండి. అలా చేసినాయన ఒకరు నాకు తెలుసు. బాకీ అంటే ఆయనకి భయం. భార్య గాజులు అమ్మేశాడు. పీఎఫ్‌లోంచి తీశాడు. ఏడేళ్లలో లోను తీర్చేసి స్వీట్ల డబ్బా పట్టుకుని బ్రాంచికొచ్చాడు. అందరికీ తలా ఒక కాజా పెట్టాడు. తర్వాత ఏడాదిన్నరకి మళ్లీ వచ్చాడు. తండ్రికి గుండె ఆపరేషను. ఇంట్లో రూపాయి లేదు. ఇంటి లోను 9 శాతానికి తీర్చినాయన పర్సనల్ లోను 14 శాతానికి తీసుకున్నాడు. లోనులో కట్టిన డబ్బు మామూలుగా వెనక్కి రాదు. అందుకని ముందు ఆర్నెల్ల ఇంటి ఖర్చు, ఈఎంఐతో సహా, విడిగా ఉంచుకోండి. సేవింగ్స్ ఖాతాలో ఉంటే పెద్దగా వడ్డీ రాదని బెంగపడకండి, ఫిక్సెడ్ డిపాజిట్‌లో వేసుకోండి. దాని మీద ఆశ పెట్టుకోకండి. అది ఆపదకి.

అప్పుల్లో కూడా వరస ఉంది. క్రెడిట్ కార్డు బాకీ నెలకి మూడు, మూడున్నర శాతం. అంటే ఏడాదికి 36 నుంచి 42. కార్డు బాకీ పెట్టుకుని ఇంటి లోనులో అదనంగా కట్టడం అనవసరం. ముందు కార్డు, తర్వాత చేబదుళ్లు, పర్సనల్ లోను, తర్వాత బంగారం మీద తీసుకున్నది. ఇంటి లోను చివర. అన్నిటిలోకి చవకైన అప్పు అదే.

చీటీల గురించి అడుగుతారని తెలుసు. చీటీ వేయడం తప్పు కాదు. రిజిస్టరైన చోట, చివరి దాకా ఓపిక పట్టగలిగితే, కూడబెట్టడానికి అదొక దారి. చీటీ డబ్బు వచ్చాక లోనులో కట్టండి. కానీ లోను తీర్చాలనే తొందరలో మొదటి నెలల్లోనే ఎక్కువ తోసి పాడుకోకండి. పాటలో వదులుకున్నది కూడా వడ్డీయే, పేరు వేరు. ఒక అప్పు తీర్చడానికి ఇంకో అప్పు చేసినట్టు.

పన్ను మినహాయింపు పోతుందని లోను సాగదీసేవాళ్లకి ఒక్క మాట. సొంతంగా ఉంటున్న ఇంటి లోను వడ్డీకి ఏడాదికి 2 లక్షల దాకా మినహాయింపు ఉంది. అది పాత పన్ను విధానంలోనే. కొత్త విధానంలో ఉన్నవాళ్లకి అది లేదు. పాత విధానంలో ఉన్నా, 20 శాతం పన్ను కట్టేవాళ్లకి వంద రూపాయల వడ్డీ మీద మిగిలేది ఇరవై చిల్లర. మిగతా ఎనభై పోయినట్టే. వడ్డీ కట్టి పన్ను మిగుల్చుకోవడం లాభం కాదు.

ఇంట్లో ఇద్దరికీ ఈ లెక్క తెలిసి ఉండాలి. నా అనుభవంలో లోన్లు తొందరగా తీరిన ఇళ్లన్నిటిలో ఆడవాళ్లకి అసలు ఎంతుందో తెలుసు. మగవాళ్ల చేతిలోనే లెక్కంతా ఉన్న ఇళ్లలో, ఆయనకేదైనా అయితే, ఏ బ్యాంకో, ఏ ఖాతానో తెలియక ఆవిడ కాగితాలు పట్టుకుని తిరగడం చూశాను. నెలకొకసారి, జీతం వచ్చిన రోజు రాత్రి భోజనాలయ్యాక పావుగంట కూర్చోండి. ఎంత వచ్చింది, ఎంత పోయింది, అసలు ఎంతుంది. అంతకన్నా అక్కర్లేదు. ఆ పావుగంటలో పోయిన నెల ఖర్చుల మీద దెప్పిపొడుపులు మాత్రం వద్దు. దెప్పితే వచ్చే నెల ఆ లెక్క మీకు ఎవరూ చెప్పరు.

చివరిగా, లోను తీరిన రోజు ఏం చేయాలో కూడా వినండి. చాలామంది ఆఖరి వాయిదా కట్టేసి గుడికెళ్లి కొబ్బరికాయ కొట్టి ఊరుకుంటారు. పని అక్కడితో అయిపోదు. బాకీ లేదని బ్యాంకు నుంచి ధ్రువపత్రం తీసుకోండి. మీ ఇంటి అసలు దస్తావేజులు, లింకు డాక్యుమెంట్లతో సహా, లోను ఇచ్చేటప్పుడు తీసుకున్న జాబితాతో సరిచూసుకుని తీసుకోండి. లోను పూర్తిగా తీరిన 30 రోజుల్లోపు ఈ కాగితాలు వెనక్కివ్వాలి. బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకి 5 వేల రూపాయల చొప్పున మీకు పరిహారం ఇవ్వాలి. ఇది రిజర్వు బ్యాంకు నిబంధన, 2023 డిసెంబరు 1 నుంచి అమల్లో ఉంది. దస్తావేజుల తనఖాను సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో రిజిస్టరు చేయించి ఉంటే, దాన్ని అక్కడే రద్దు చేయించుకోవాలి. తర్వాత ఈసీ, అంటే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, తీసి చూసుకోండి. అందులో బ్యాంకు పేరు మీద తనఖా ఇంకా ఉందంటే, రేపు ఇల్లు అమ్మబోయినా, పిల్లల పేర రాయబోయినా అడ్డం పడుతుంది.

ఇవాళ ఈ ప్రసంగం అయ్యాక చేయాల్సిన పని ఒక్కటే. మీ బ్యాంకు యాప్ తెరిచో, బ్రాంచికి వెళ్లో, మీ లోనులో అసలు ఎంత మిగిలిందో, గడువు ఇంకా ఎన్ని నెలలుందో కనుక్కోండి. ఆ రెండు అంకెలూ ఇంట్లో అందరికీ కనిపించే చోట రాసిపెట్టండి.